డీఓ, ఎండీ వైద్యుల జీతాన్నీ గుర్తింపునూ ఎలా పోల్చి చూడాలి

అమెరికాలో పూర్తి స్థాయి వైద్యవృత్తికి అర్హత ఇచ్చే పట్టాలు రెండున్నాయి. ఒకటి ఎండీ, అంటే డాక్టర్ ఆఫ్ మెడిసిన్ (మన దగ్గరిలా పీజీ పట్టా కాదు), రెండోది డీఓ, అంటే డాక్టర్ ఆఫ్ ఆస్టియోపతిక్ మెడిసిన్. అక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాల్లో పిల్లలు మెడికల్ స్కూళ్లకు దరఖాస్తు పెట్టే ఏడాది వచ్చిందంటే ఒక ప్రశ్న తప్పకుండా ముందుకొస్తుంది. డీఓ సీటు చేతికి వచ్చింది, చేర్పించాలా, లేక మరో ఏడాది ఆగి ఎండీకి ప్రయత్నించాలా? ఆ వెంటనే బంధువులు, స్నేహితులు తలా ఒక మాట చెబుతారు. డీఓలకు జీతం తక్కువని ఒకరు, అసలు డాక్టర్లుగానే చూడరని ఇంకొకరు, తేడా ఏమీ లేదని మరొకరు అంటారు. ఈ మూడు మాటల్లో ఏదీ పూర్తిగా సరైనది కాదు. గుంటూరులోనో, కాకినాడలోనో, ఉస్మానియాలోనో ఎంబీబీఎస్ చదివి అమెరికా వెళ్లిన పెద్దలకు కూడా ఈ రెండో దారితో స్వయంగా పరిచయం ఉండదు కాబట్టి, వారి సలహా మీద మాత్రమే ఆధారపడటం మంచిది కాదు. ఎవరికి వారు లెక్క వేసుకుని, పత్రాలు చూసి, నిర్ణయానికి రావడానికి పనికొచ్చే పద్ధతిని ఇక్కడ వివరిస్తాను.

నేను చెప్పదలచుకున్న ప్రధాన విషయం ఒక్కటే. వైద్యుడి జీతాన్ని పేరు పక్కన ఉన్న అక్షరాలు నిర్ణయించవు. ఏ స్పెషాలిటీ, ఏ ఊరు, ఏ కాంట్రాక్టు అన్నవే నిర్ణయిస్తాయి. పట్టా ప్రభావం ఉండేది జీతానికి చాలా ముందు, రెండు చోట్ల: కోరుకున్న స్పెషాలిటీలోకి అడుగుపెట్టే గుమ్మం దగ్గర, చదువు కోసం చేసే అప్పు దగ్గర. పోలిక చేయాల్సింది అక్కడే.

ముందుగా చట్టం ఏమంటుందో చూడండి

ఆండ్రూ టేలర్ స్టిల్ అనే వైద్యుడు 1892లో మిస్సోరీ రాష్ట్రంలోని కిర్క్స్‌విల్‌లో మొదటి ఆస్టియోపతీ కళాశాలను ప్రారంభించాడు. ఆనాటి మందుల మీద నమ్మకం పోయి, ఎముకలు, కండరాలు, కీళ్ల అమరికను చేతులతో సరిచేయడం ద్వారా రోగాన్ని నయం చేయవచ్చని ఆయన వాదించాడు. ఇప్పటి డీఓ చదువు ఆ తొలి రూపానికి చాలా దూరం వచ్చింది. ఎండీ విద్యార్థి మాదిరిగానే డీఓ విద్యార్థి కూడా నాలుగేళ్లు చదువుతాడు. అవే శరీరశాస్త్రాలు, అవే మందులు, అవే ఆపరేషన్లు నేర్చుకుంటాడు. అదనంగా, చేతులతో చేసే చికిత్సలో సుమారు 200 గంటల శిక్షణ పొందుతాడు. ఆ తర్వాత ఇద్దరూ ఒకే రకం రెసిడెన్సీలకు, అంటే ఆసుపత్రుల్లో జీతంతో ఇచ్చే స్పెషాలిటీ శిక్షణకు, పోటీ పడతారు. బంధువుల్లో కొందరు డీఓ అంటే ఎముకల డాక్టరనీ, ఇంకొందరు హోమియోపతి వంటి ప్రత్యామ్నాయ వైద్యమనీ అనుకుంటారు. ఈ రెండూ పొరపాటే. డీఓలలో గుండె శస్త్రచికిత్స చేసేవారూ ఉన్నారు, మానసిక వైద్యులూ ఉన్నారు.

గుర్తింపు విషయంలో చరిత్ర చూడటం వృథా కాదు, ఎందుకంటే నేటి సందేహాల మూలాలు అక్కడే ఉన్నాయి. ఆ చరిత్రలో కాలిఫోర్నియాలో జరిగిన ఉదంతం నాకు ఎంతో ముఖ్యమైనదిగా తోస్తుంది. 1961, 1962 సంవత్సరాల్లో ఆ రాష్ట్రంలోని డీఓల సంఘం ఎండీల సంఘంలో విలీనమైంది. అక్కడి ఆస్టియోపతీ కళాశాల ఎండీ కళాశాలగా మారింది. రెండు వేలకు పైగా డీఓలు 65 డాలర్ల రుసుము చెల్లించి తమ పట్టాను ఎండీ పట్టాగా మార్చుకున్నారు. అదే 1962లో ప్రజాభిప్రాయ సేకరణ ద్వారా కొత్త డీఓలకు లైసెన్సు ఇవ్వడం నిలిపివేశారు. 1974లో రాష్ట్ర సుప్రీంకోర్టు తీర్పుతో గాని ఆ తలుపు మళ్లీ తెరుచుకోలేదు. నిన్నటి వరకు డీఓగా రోగులను చూసిన మనిషి, అదే ఆసుపత్రిలో, అదే విద్యతో, మర్నాడు ఎండీగా కూర్చున్నాడంటే, ఆ రెండు పట్టాల మధ్య ఉన్న దూరం వైద్యవిద్యలో ఎంత, సంఘాల మధ్య పోటీలో ఎంత అన్నది పాఠకులే ఆలోచించవచ్చు. ఆ కళాశాలే తర్వాత కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం అర్వైన్ ప్రాంగణపు మెడికల్ స్కూలుగా రూపొందింది.

ఫెడరల్ చట్టాల్లో పరిస్థితి ఇంకా స్పష్టంగా ఉంటుంది. వృద్ధుల ప్రభుత్వ ఆరోగ్య బీమా అయిన మెడికేర్‌ను నెలకొల్పిన సోషల్ సెక్యూరిటీ చట్టంలో వైద్యుడు అనే పదానికి ఇచ్చిన నిర్వచనమే ఎండీనీ డీఓనూ కలిపి చెబుతుంది. 1966లో సైన్యం డీఓలను వైద్యాధికారులుగా తీసుకోవడం మొదలుపెట్టింది. మాజీ సైనికుల ఆసుపత్రుల్లో వైద్యుడిగా చేరడానికి కావలసిన అర్హతల్లోనూ రెండు పట్టాలనూ సమానంగా పేర్కొన్నారు. 50 రాష్ట్రాల్లోనూ డీఓలకు మందులు రాసే, శస్త్రచికిత్స చేసే పూర్తి హక్కు ఉంది. కాలిఫోర్నియా, ఫ్లోరిడా, మిచిగన్, పెన్సిల్వేనియా వంటి కొన్ని రాష్ట్రాల్లో డీఓల లైసెన్సులకు వేరే బోర్డు ఉంటుంది. బోర్డు వేరైనంత మాత్రాన అధికారం తగ్గదు.

సగటు జీతాలను నేరుగా పోల్చకండి

జీతాల గురించి వెతికేవారు చేసే మొదటి పని డీఓల సగటు ఎంత, ఎండీల సగటు ఎంత అని చూడటం. ఆ అంకెలు ఎక్కడైనా దొరికినా వాటితో నిర్ణయం తీసుకోవద్దని గట్టిగా చెబుతున్నాను. ఎందుకో చిన్న లెక్కతో చూపుతాను. మెడ్‌స్కేప్ సంస్థ 2024లో ప్రకటించిన సర్వే ప్రకారం ప్రైమరీ కేర్ వైద్యుల సగటు ఆదాయం ఏడాదికి 2,77,000 డాలర్లు, స్పెషలిస్టులది 3,94,000 డాలర్లు. అమెరికన్ ఆస్టియోపతిక్ అసోసియేషన్ లెక్కల ప్రకారం డీఓలలో దాదాపు 57 శాతం మంది ఫ్యామిలీ మెడిసిన్, ఇంటర్నల్ మెడిసిన్, పిల్లల వైద్యం వంటి ప్రైమరీ కేర్ రంగాల్లో ఉన్నారు. ఇప్పుడు 100 మంది డీఓలను తీసుకుని, వారిలో 57 మందికి ప్రైమరీ కేర్ సగటునూ మిగిలిన 43 మందికి స్పెషలిస్టు సగటునూ వేస్తే, అందరి సగటు సుమారు 3,27,000 డాలర్లు వస్తుంది. పోలిక కోసం, ఎండీలలో 35 మందే ప్రైమరీ కేర్‌లో ఉన్నారని అనుకుని అదే లెక్క వేస్తే సగటు సుమారు 3,53,000 డాలర్లు అవుతుంది. దాదాపు 26 వేల డాలర్ల తేడా కనిపించింది. కానీ ఈ లెక్కలో ఒకే రంగంలో పనిచేసే డీఓకూ ఎండీకీ మనం ఒక్క డాలరు కూడా తేడా పెట్టలేదు. తేడా అంతా ఎవరు ఏ రంగంలో ఎంతమంది ఉన్నారన్న దాని నుంచే పుట్టింది.

కాబట్టి సరైన పోలిక ఇలా ఉండాలి: ఒకే స్పెషాలిటీ, ఒకే ప్రాంతం, ఒకే రకం యజమాని, దాదాపు సమానమైన అనుభవం. ఈ నాలుగూ సరిపోయిన తర్వాతనే అంకెలను పక్కపక్కన పెట్టాలి. ఇలా చూడటానికి ఉచితంగా దొరికే ఆధారాలు ఉన్నాయి. అమెరికా కార్మిక గణాంకాల బ్యూరో వైద్యుల వేతనాలను స్పెషాలిటీ వారీగా, రాష్ట్రం వారీగా ప్రకటిస్తుంది. అందులో ఎండీలనూ డీఓలనూ విడదీయదు. చాలా రాష్ట్రాల్లో ప్రభుత్వ విశ్వవిద్యాలయాల ఆసుపత్రుల్లో పనిచేసే వైద్యుల జీతాలు పబ్లిక్ రికార్డు. ఒకే విభాగంలో ఉన్న ఒక డీఓ, ఒక ఎండీ అసిస్టెంట్ ప్రొఫెసర్ల జీతాలను పేరుతో వెతికి చూసుకోవచ్చు. మాజీ సైనికుల ఆసుపత్రుల వేతన పట్టికలు కూడా అందరికీ అందుబాటులో ఉంటాయి. అందులో వరుసలు స్పెషాలిటీని బట్టి ఉంటాయి గాని పట్టాను బట్టి ఉండవు.

రెసిడెన్సీ కాలంలో పరిస్థితి మరీ సులభం. ఏ ఆసుపత్రిలోనైనా రెసిడెంటు వేతనం ఎన్నో ఏడాది శిక్షణలో ఉన్నారన్న దాన్ని బట్టి నిర్ణయమవుతుంది. మొదటి ఏడాది రెసిడెంట్లందరికీ ఒకే అంకె, రెండో ఏడాది వారందరికీ మరో అంకె. ఆ పట్టికను ఆసుపత్రులు బహిరంగంగానే పెడతాయి.

శిక్షణ ముగించి ఉద్యోగంలో చేరాక వేతనం ఎలా లెక్కకడతారో తెలిస్తే, పట్టాకు అందులో చోటెందుకు ఉండదో అర్థమవుతుంది. మెడికేర్ ప్రతి వైద్యసేవకూ ఒక కోడ్ నంబరు, ఆ సేవకు కొన్ని యూనిట్లు కేటాయించింది. పాత రోగిని మామూలు సమస్యతో చూసినప్పుడు వేసే 99213 అనే కోడ్‌కు వైద్యుడి శ్రమ కింద 1.30 యూనిట్లు, కొంచెం క్లిష్టమైన 99214కు 1.92 యూనిట్లు ఉన్నాయి. చాలా ఆసుపత్రులు వైద్యుడు ఏడాదిలో సంపాదించిన మొత్తం యూనిట్లను ఒక రేటుతో హెచ్చించి జీతం లేదా బోనస్ ఇస్తాయి. ఉదాహరణకు యూనిట్‌కు 50 డాలర్లని కాంట్రాక్టులో ఉంటే, 99214 కింద చూసిన ఒక్కో రోగికి 96 డాలర్లు లెక్కలోకి వస్తాయి. చూసింది డీఓ అయినా ఎండీ అయినా ఆ కోడ్ మారదు, యూనిట్లు మారవు. చేతులతో చేసే ఆస్టియోపతిక్ చికిత్సకు 98925 నుంచి 98929 వరకు ప్రత్యేక కోడ్‌లు ఉన్నాయి. దాన్ని నిజంగా ఆచరించే డీఓ అదే రోజు మామూలు వైద్యపరీక్షతో పాటు ఈ సేవకూ, నియమాలు పాటించి, విడిగా బిల్లు వేయవచ్చు. అయితే దానికి సమయం పడుతుంది కాబట్టి ఆదాయం గణనీయంగా పెరుగుతుందని ఆశ పెట్టుకోకూడదు. చాలామంది డీఓలు చదువు ముగిశాక ఆ చికిత్సను చేయనే చేయరు.

జీతంలో నిజమైన ఎగుడుదిగుళ్లు వేరే చోట ఉంటాయి. సముద్రతీరపు మహానగరాల్లో కన్నా లోపలి రాష్ట్రాల చిన్న పట్టణాల్లో వైద్యుడికి ఎక్కువ ఇవ్వజూపడం సాధారణం. ఒకే స్పెషాలిటీలో స్త్రీలకూ పురుషులకూ మధ్య వేతన వ్యత్యాసం ఏటేటా సర్వేల్లో బయటపడుతూనే ఉంది. ఆడపిల్లను వైద్యవిద్యలో చేర్పిస్తున్న తల్లిదండ్రులు డీఓ, ఎండీ తేడా గురించి పడే ఆందోళనలో సగమైనా ఈ విషయంపై పెట్టి, మొదటి ఉద్యోగ కాంట్రాక్టును అనుభవమున్న న్యాయవాదికి చూపించాలని నా మనవి. ఆ కాంట్రాక్టులో మూల వేతనం ఎన్నేళ్లకు హామీ ఇచ్చారు, యూనిట్ రేటు ఎంత, ఉద్యోగం మానేసిన తర్వాత వచ్చే కేసులకు బీమా ఎవరు కడతారు, మానేశాక ఎన్ని మైళ్ల లోపల పనిచేయకూడదన్న షరతు ఉంది అన్న నాలుగు ప్రశ్నలకు సమాధానం ఉండాలి.

అప్పు లెక్క వేసిన తర్వాతనే సీటును పోల్చండి

ఒకే రంగంలో పట్టా వల్ల జీతాలకు తేడా ఉండదని తేలింది కాబట్టి ఇక తేడా వచ్చేది ఖర్చులోనే. డీఓ స్కూళ్లలో ఎక్కువ భాగం ప్రైవేటువి. ఎండీ స్కూళ్లలో ప్రభుత్వ విశ్వవిద్యాలయాలు చాలా ఉన్నాయి, వాటిలో సొంత రాష్ట్రం వారికి ఫీజు తక్కువ. అందువల్ల అప్పు తీసుకుని చదివిన ఎండీ పట్టభద్రుల బాకీ సుమారు 2 లక్షల డాలర్ల దగ్గర ఉంటే, డీఓలది రెండున్నర లక్షలు దాటుతోంది. ఆ అదనపు 50 వేల డాలర్లను 8 శాతం వడ్డీతో పదేళ్లలో తీర్చాలంటే నెలకు సుమారు 607 డాలర్లు కట్టాలి. మొత్తం కట్టేది 72 వేల డాలర్లు దాటుతుంది. పైగా ఫెడరల్ అప్పు మీద వడ్డీ చదువుకునే రోజుల నుంచే పెరుగుతూ ఉంటుంది.

ఇప్పుడు దీనికి ఒక కొత్త చిక్కు తోడైంది. 2025లో చేసిన చట్టం ప్రకారం, 2026 జులై 1 నుంచి కొత్తగా అప్పు తీసుకునే విద్యార్థులకు, చదువు ఖర్చు మొత్తానికీ ఫెడరల్ ప్రభుత్వం ఇచ్చే గ్రాడ్ ప్లస్ రుణాలు ఉండవు. వైద్యవిద్య వంటి వృత్తి కోర్సులకు ఫెడరల్ అప్పు ఏడాదికి 50 వేల డాలర్లకు, మొత్తం 2 లక్షల డాలర్లకు పరిమితం. ఫీజు, ఇంటి అద్దె, భోజనం, బీమా కలిపి ఏడాదికి 90 వేల డాలర్లు అయ్యే స్కూల్లో సీటు వచ్చిందనుకుందాం. ఏడాదికి 40 వేలు, నాలుగేళ్లకు 1,60,000 డాలర్లు కుటుంబం సొంతంగానో ప్రైవేటు అప్పుగానో తేవాలి. ప్రైవేటు అప్పుకు ఆదాయాన్ని బట్టి వాయిదా తగ్గించే వెసులుబాటు దొరకడం కష్టం. లాభాపేక్ష లేని ఆసుపత్రిలో పదేళ్లు పనిచేస్తే మిగిలిన బాకీ రద్దయ్యే ప్రభుత్వ పథకం దానికి వర్తించదు. పౌరసత్వం గానీ గ్రీన్‌కార్డు గానీ లేని పిల్లలకు అసలు ఫెడరల్ అప్పే దొరకదు. కొన్ని స్కూళ్లు ఫీజు మొత్తాన్ని ముందే ఎస్క్రో ఖాతాలో, అంటే మూడో పక్షం దగ్గర భద్రంగా ఉంచే ఖాతాలో, జమచేయమని అడుగుతాయి. హెచ్‌4 వీసా మీద పెరిగిన మన పిల్లలు ఎందరో ఈ పరిస్థితిలో ఉన్నారు కాబట్టి, దరఖాస్తు రుసుము కట్టకముందే ఆ స్కూలు అంతర్జాతీయ విద్యార్థులను చేర్చుకుంటుందా, ఏ షరతులతో అన్నది అడిగి తెలుసుకోవాలి.

అలాగని డీఓ అంటే ఖర్చెక్కువ అన్న నిర్ణయానికి కూడా రాకూడదు. ఫోర్ట్‌వర్త్‌లోని టెక్సాస్ కాలేజ్ ఆఫ్ ఆస్టియోపతిక్ మెడిసిన్ ప్రభుత్వ సంస్థ. డల్లాస్ చుట్టుపక్కల ఫ్రిస్కోలోనో అర్వింగ్‌లోనో నివసించే తెలుగు కుటుంబానికి అది ఇంటి దగ్గరి స్కూలు. టెక్సాస్ వాసులకు దాని ఫీజు, వేరే రాష్ట్రంలోని ఏ ప్రైవేటు ఎండీ స్కూలు ఫీజుతో పోల్చినా చాలా తక్కువ. దానికి దరఖాస్తు మిగతా డీఓ స్కూళ్ల మాదిరిగా వాటి ఉమ్మడి దరఖాస్తు విధానం ఆకోమాస్ ద్వారా కాక, టెక్సాస్ సొంత దరఖాస్తు విధానం ద్వారా వెళుతుంది. మిచిగన్ స్టేట్, ఒహాయో, ఓక్లహోమా స్టేట్ విశ్వవిద్యాలయాల్లోనూ, న్యూజెర్సీలోని రోవన్‌లోనూ ప్రభుత్వ డీఓ స్కూళ్లు ఉన్నాయి. సొంత రాష్ట్రంలో తక్కువ ఫీజుతో వచ్చిన డీఓ సీటునూ, దూరపు ప్రైవేటు ఎండీ సీటునూ పోల్చేటప్పుడు అప్పు లెక్క డీఓ వైపే మొగ్గవచ్చు.

ఒక ఏడాది ఆగడానికి కూడా ధర ఉందని చాలామంది గమనించరు. మెడికల్ స్కూళ్ల ప్రవేశ పరీక్ష ఎంక్యాట్ మళ్లీ రాసి ఎండీ కోసం ఏడాది ఆగితే, పోయేది ఈ ఏడాది కాదు, వృత్తి జీవితంలో పూర్తి జీతం అందుకునే ఒక ఏడాది. ఫ్యామిలీ మెడిసిన్ చేయాలనుకునే వారికి అది రెండున్నర లక్షల డాలర్లకు పైమాటే. ఎండీ స్కూళ్లలో చేరేవారి సగటు ఎంక్యాట్ స్కోరు సుమారు 512, డీఓ స్కూళ్లలో సుమారు 504. విద్యార్థి స్కోరు ఈ రెంటి మధ్య ఎక్కడుంది, మళ్లీ రాస్తే పెరిగే అవకాశం ఎంత అన్నదాన్ని నిజాయితీగా అంచనా వేసుకుని గాని ఆగే నిర్ణయం తీసుకోకూడదు.

గుర్తింపును రెసిడెన్సీ గుమ్మం దగ్గర కొలవండి

తేడా నిజంగా ఉన్నది ఇక్కడే కాబట్టి ఈ భాగాన్ని జాగ్రత్తగా చదవమని కోరుతున్నాను. 2020 వరకు డీఓలకు వేరే రెసిడెన్సీ కార్యక్రమాలు ఉండేవి. 2014లో కుదిరిన ఒప్పందం మేరకు 2020 జూన్ నాటికి అన్నిటినీ ఒకే గుర్తింపు సంస్థ కిందికి తెచ్చారు. ఇప్పుడు ఇద్దరూ రెసిడెన్సీ సీట్లు కేటాయించే ఒకే జాతీయ ప్రక్రియలో, అంటే మ్యాచ్‌లో, పోటీ పడతారు. 2024 మ్యాచ్‌లో ఎండీ చివరి ఏడాది విద్యార్థుల్లో 93.5 శాతం మందికీ, డీఓ విద్యార్థుల్లో 92.3 శాతం మందికీ సీటు దొరికింది. ఈ ఒక్క అంకె చూసి తేడా లేదని సంతోషించేవారు ఉన్నారు. కానీ ఇది ఏదో ఒక రెసిడెన్సీ దొరికిన వారి శాతం. కోరుకున్న రెసిడెన్సీ దొరికిందా అన్నది వేరే ప్రశ్న. ఫ్యామిలీ మెడిసిన్, ఇంటర్నల్ మెడిసిన్, ఎమర్జెన్సీ మెడిసిన్, సైకియాట్రీ, పిల్లల వైద్యంలో డీఓలకు తలుపులు బాగా తెరిచి ఉన్నాయి. చర్మవ్యాధులు, ప్లాస్టిక్ సర్జరీ, న్యూరోసర్జరీ వంటి రంగాల్లో, ఇంకా పెద్ద పరిశోధన విశ్వవిద్యాలయాల ఆసుపత్రుల్లో డీఓలు తక్కువ సంఖ్యలోనే కనిపిస్తారు. జీతాల పట్టికలో పైన ఉండేవి ఎక్కువగా ఈ రంగాలే కావడంతో, పట్టా ప్రభావం జీతం మీద పరోక్షంగా పడుతుంది.

దీన్ని తెలుసుకోవడానికి ఊహాగానాలు అక్కరలేదు. మ్యాచ్ నిర్వహించే సంస్థ ఎండీ విద్యార్థులకు ఒకటి, డీఓ విద్యార్థులకు ఒకటి, విదేశాల్లో చదివినవారికి ఇంకొకటిగా స్పెషాలిటీ వారీ ఫలితాల నివేదికలను ఉచితంగా విడుదల చేస్తుంది. విద్యార్థికి ఇష్టమైన రెండు మూడు స్పెషాలిటీలను తీసుకుని, ఎండీ, డీఓ నివేదికలు రెండింటిలోనూ అదే పేజీని తెరిచి, ఎంతమంది దరఖాస్తు చేశారు, ఎంతమందికి దొరికింది, దొరికినవారి పరీక్ష స్కోర్లు, పరిశోధన పత్రాలు ఎన్ని అన్నది పక్కపక్కన రాసుకోండి. ఆ కాగితం మీద కనిపించే తేడాయే మీకు వర్తించే గుర్తింపు వ్యత్యాసం. తర్వాత ఆ ప్రాంతంలోని రెసిడెన్సీ కార్యక్రమాల వెబ్‌సైట్లలో ప్రస్తుత రెసిడెంట్ల జాబితా తెరవండి. ప్రతి పేరు కింద ఏ స్కూల్లో చదివారో రాసి ఉంటుంది. వరుసగా మూడేళ్ల బ్యాచ్‌లలో ఒక్క డీఓ కూడా లేని కార్యక్రమం, పైకి ఏం చెప్పినా, డీఓలను తీసుకునే అవకాశం తక్కువని గ్రహించాలి.

డీఓ విద్యార్థి లైసెన్సు కోసం కామ్‌లెక్స్ అనే పరీక్షలు రాస్తాడు. ఎండీ విద్యార్థులు రాసేది యూఎస్ఎంఎల్ఈ. పోటీ ఎక్కువ ఉన్న రెసిడెన్సీలకు వెళ్లదలచిన డీఓలు రెండూ రాయడం వాడుకగా మారింది. ఒక్కో పరీక్షకు 600 డాలర్లకు పైనే రుసుము, నెలల తరబడి చదువు. రెండింటిలోనూ మొదటి దశ పరీక్షలకు 2022 నుంచి మార్కులు తీసేసి ఉత్తీర్ణత మాత్రమే చూపుతున్నారు కాబట్టి, రెండో దశ స్కోరుకు ప్రాధాన్యం పెరిగింది. శస్త్రచికిత్స రంగాల మీద ఆసక్తి ఉన్న డీఓ విద్యార్థి యూఎస్ఎంఎల్ఈ రెండో దశ రాయడమే క్షేమమని నా అభిప్రాయం. ఫ్యామిలీ మెడిసిన్ చేయాలనుకునే వారికి ఆ భారం చాలాచోట్ల అనవసరం.

ఇంతకన్నా తక్కువగా చర్చకు వచ్చే విషయం మూడో, నాలుగో ఏళ్ల ఆసుపత్రి శిక్షణ. చాలా డీఓ స్కూళ్లకు సొంత ఆసుపత్రి ఉండదు. విద్యార్థులను చుట్టుపక్కల రాష్ట్రాల్లోని చిన్న ఆసుపత్రులకు పంపుతారు. అక్కడ రోగులను దగ్గరగా చూసే అవకాశం బాగానే ఉంటుంది, కానీ పరిశోధన చేయించే ఆచార్యులు, పేరున్న విభాగాధిపతుల సిఫారసు లేఖలు దొరకడం కష్టమవుతుంది. కాబట్టి ఇంటర్వ్యూకు వెళ్లినప్పుడు భవనాల గురించి కాకుండా ఈ విషయాలు అడగాలి: మూడో ఏడాది శిక్షణ ఏ ఊళ్లలో, ఆసుపత్రిలో రెసిడెంట్లు ఉన్నారా, ఒక విద్యార్థి ఎన్నిసార్లు ఇల్లు మారాల్సి వస్తుంది, గత మూడేళ్ల మ్యాచ్ ఫలితాలు స్పెషాలిటీ వారీగా చూపిస్తారా. చూపించడానికి వెనుకాడే స్కూలును నేనైతే జాబితాలో కిందికి జరుపుతాను.

మన ఇళ్లలో మరో పోలిక తరచుగా జరుగుతుంది. అమెరికాలో డీఓ సీటును వదులుకుని, ఎండీ అన్న అక్షరాల కోసం కరీబియన్ దీవుల స్కూలుకు వెళ్లాలనుకునేవారు ఉన్నారు. 2024 మ్యాచ్‌లో విదేశాల్లో చదివివచ్చిన అమెరికా పౌరులకు సీటు దొరికిన శాతం 67. డీఓలది 92.3. అక్షరాల మోజుతో ఆ దారి ఎంచుకోవద్దని మనస్ఫూర్తిగా చెబుతున్నాను.

రోగులు, సహోద్యోగుల దగ్గర

ఉద్యోగంలో చేరిన తర్వాత గుర్తింపు గురించి పెద్దగా చెప్పవలసింది లేదు. 2016 నుంచి 2019 వరకు ఆసుపత్రుల్లో చేరిన మెడికేర్ రోగుల మీద జరిపి, 2023లో యానల్స్ ఆఫ్ ఇంటర్నల్ మెడిసిన్‌లో ప్రచురించిన అధ్యయనంలో, ఎండీలు చూసిన రోగుల్లో 30 రోజుల మరణాల శాతం 9.4, డీఓలు చూసినవారిలో 9.5గా తేలింది. అంటే చెప్పుకోదగ్గ తేడా లేదు. అమెరికా అధ్యక్షులకు వైద్యులుగా పనిచేసిన షాన్ కాన్లీ, కెవిన్ ఓకానర్ ఇద్దరూ డీఓలే. మీ తల్లిదండ్రులను చూడబోయే వైద్యుడు డీఓ అని తెలిసి సందేహం కలిగితే, రాష్ట్ర బోర్డు వెబ్‌సైట్‌లో లైసెన్సునూ, క్రమశిక్షణ చర్యలేమైనా ఉంటే వాటినీ చూడండి. తర్వాత ఆయన స్పెషాలిటీలో బోర్డు ధ్రువీకరణ ఉందో లేదో చూడండి. ఎండీ విషయంలో కూడా చూడాల్సినవి ఇవే.

విదేశాల్లో, ముఖ్యంగా భారత్‌లో పనిచేయాలనుకుంటే

అమెరికా దాటితే మాత్రం జాగ్రత్త అవసరం. బ్రిటన్, ఫ్రాన్స్, ఆస్ట్రేలియాల్లో ఆస్టియోపాత్ అనే పేరుతో పనిచేసేవారు వైద్యులు కారు. వారికి మందులు రాసే, ఆపరేషన్ చేసే అధికారం లేదు. అమెరికాలో చదివిన డీఓ ఆ దేశాలకు వెళ్లినప్పుడు తన పట్టా వేరని పత్రాలతో చూపించుకోవాల్సి వస్తుంది. మన దగ్గర ఎండీ అంటే ఎంబీబీఎస్ తర్వాతి పీజీ పట్టా కాబట్టి, అమెరికా ఎండీ విషయంలోనే కొంత గందరగోళం ఉంది. డీఓ అయితే కంటి డాక్టర్ల డిప్లొమా అనుకునే సీనియర్ వైద్యులు కూడా తారసపడతారు.

ఏటా సెలవుల్లో సొంత జిల్లాకు వచ్చి ఆరోగ్య శిబిరాల్లో రోగులను చూడాలని అమెరికాలోని తెలుగు వైద్యులు ఎందరో కోరుకుంటారు. వారి పిల్లలకూ ఆ కోరిక ఉండవచ్చు. విదేశాల్లో నమోదైన వైద్యులకు తాత్కాలిక నమోదు ఇచ్చే వీలు నేషనల్ మెడికల్ కమిషన్ చట్టంలో ఉంది. డీఓ పట్టా ఉన్నవారు విమాన టికెట్ కొనడానికి కొన్ని నెలల ముందే కమిషన్‌కూ, ఆంధ్రప్రదేశ్ లేదా తెలంగాణ వైద్య మండలికీ లిఖితపూర్వకంగా రాసి, సమాధానం కూడా లిఖితపూర్వకంగానే తీసుకోవాలి. ఆ లేఖకు పట్టా నకలు, రెసిడెన్సీ పూర్తిచేసిన ధ్రువపత్రం, స్పెషాలిటీ బోర్డు ధ్రువీకరణ, రాష్ట్ర లైసెన్సు ప్రస్తుతం చెల్లుబాటులో ఉందని బోర్డు ఇచ్చే పత్రం జతచేయాలి. తన పట్టా పూర్తి స్థాయి వైద్యుడి పట్టా అని, మందులు రాసే, శస్త్రచికిత్స చేసే అధికారం ఇస్తుందని తెలిపే రాష్ట్ర చట్టం నకలును కూడా వాటి వెనుక పెట్టడం మరచిపోకూడదు.